దిగమే అంటే దిగమని కాదు

రొయ్యల మాస్టారు పోయిన రోజు మన కాలనీ వాట్సాప్ గ్రూపులో మీరందరూ "స్పానిష్ పండితుడు ఇక లేరు" అని పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. ఇక లేరన్నది నిజం. పండితుడన్నది అబద్ధం. ఆయనకి స్పానిష్ వ్యాకరణం ఒక్క ముక్క రాదు. ఆ సంగతి నాకు తెలుసు, మా మనవరాలికి తెలుసు, అందరికంటే బాగా ఆయనకే తెలుసు. పోయినవాళ్ళకి రాని విద్యలు అంటగట్టడం మర్యాద అనుకుంటాం గానీ, దానివల్ల వాళ్ళకి వచ్చిన విద్య కాస్తా మరుగున పడిపోతుంది. అందుకే మన కాలనీ పత్రికకి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన పోయింది సోమవారం పొద్దున, బందరులో, సొంత ఇంట్లో. చెరువు దగ్గర్నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ పెట్టమన్నారట. కాఫీ తెచ్చేసరికి కుర్చీలో తల పక్కకి వాల్చేసి ఉన్నారు. ఫోన్లో ఆయన భార్య నాతో అన్న మొదటి మాట, "కాఫీ అలాగే ఉందండీ టీచరుగారూ" అని. 

ఆయన్ని ఎరగనివాళ్ళకి రెండు మాటలు. నాగాయలంక వైపు మనిషి. ఎప్పుడో కుర్రతనంలో ఈక్వడార్ అనే దేశానికి రొయ్యల చెరువుల్లో పనికి వెళ్ళి, పదకొండేళ్ళు ఉండి, తిరిగొచ్చి బందరులో స్థిరపడ్డారు. అప్పట్నుంచీ ఆ చుట్టుపక్కల ఎవరి చెరువులో రొయ్య నలతపడినా ఈయనకే కబురు. అందుకే ఆ పేరు. బడిలో పాఠం చెప్పిన మాస్టారు కాదు. ఆయన చెప్పిన పాఠం మొత్తం మా ఇంటి వరండాలోనే, ఒక్క పిల్లకే.

ఆ పిల్ల మా మనవరాలు, నా కూతురి కూతురు. సముద్రం అడుగున పెరిగే గడ్డి గురించి చదువుతానంది. మా వంశంలో మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగినవాళ్ళు లేరు, అది కూడా పుష్కరాలకి. సరే, చదవమన్నాం. స్పెయిన్‌లో సముద్రపు ఒడ్డునున్న ఓ కాలేజీ వాళ్ళు సీటిస్తామని ఉత్తరం రాశారు. అయితే పాఠాలన్నీ స్పానిష్‌లోనే కనక, స్పానిష్ పరీక్ష ప్యాసయిన కాగితం గడువులోగా చూపించాలి. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, నాలుగూ గట్టెక్కాలి. ఏ ఒక్కటి తప్పినా సీటు ఇంకొకరికి పోతుంది.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని నేనుండగా ఇంకొకరెందుకు అనుకున్నాను. లావుపాటి వ్యాకరణ పుస్తకం తెప్పించాను. ముందు నేను చదివేదాన్ని, తరవాత దానికి చెప్పేదాన్ని. ఆరు నెలలు తిరిగేసరికి ఏ క్రియని ఏ కాలంలో అడిగినా మా పిల్ల తడుముకోకుండా చెప్పేది. మాట్లాడే పరీక్షకి నమూనాగా కంప్యూటర్లో ఓ స్పానిష్ టీచరమ్మ ముందు కూర్చోబెట్టాం. ఆవిడ "మీ ఊరి గురించి చెప్పు" అంది. మా పిల్ల గట్టున పడ్డ చేపలాగా నోరు తెరిచి మూసింది. కాసేపటికి పుస్తకంలోని తొమ్మిదో పాఠం మొదలెట్టింది. టీచరమ్మ మర్యాదస్తురాలు. "తప్పుల్లేవు. కానీ ఇది మాట్లాడటం కాదు, అప్పజెప్పడం" అంది. ఆ అప్పజెప్పడం నేర్పింది నేనే.

మా ఇంటికి రొయ్యలు తెచ్చే ఆవిడ గుమ్మంలో కూర్చుని సంగతంతా విని, "ఆ బాస మా రొయ్యల మాస్టారికి వచ్చండీ. కోపమొస్తే అందులోనే తిడతారు. మాకు అర్థం కాదు గాబట్టి పడతాం" అంది.

ఫోన్ చేశాను. "నాకు మాట్లాడటమే వచ్చండీ, పాఠం చెప్పటం రాదు" అన్నారాయన.

"మాకు పాఠం చెప్పడమే వచ్చు, మాట్లాడటం రాదు. రండి" అన్నాను.

మంగళవారం, శుక్రవారం బందరు నుంచి పొద్దుటి పాసింజరులో వచ్చేవారు. మొదటి రోజు మా పిల్ల స్కూటీ మీద స్టేషన్ నుంచి తీసుకొచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, ప్యాంటు కింద రెండు మడతలు పెట్టుకుని ఉన్న మనిషి. ఎప్పుడూ అంతే, ఎక్కడ నీళ్ళలోకి దిగాల్సొస్తుందో తెలియనట్టు. మంచినీళ్ళిస్తే గ్లాసు వెలుగుకి ఎత్తి రంగు చూసి గానీ తాగలేదు. "ఫిల్టరు నీళ్ళేనండీ" అన్నాను కాస్త కటువుగానే. "అలవాటండీ, ఏమనుకోకండి. నీళ్ళు చూడకుండా మనిషిని నమ్మను" అన్నారు. ఇప్పుడు మా ఇంట్లో అందరం గ్లాసు ఎత్తి చూసే తాగుతున్నాం. ఏం చూస్తున్నామో మాత్రం ఎవరికీ తెలియదు.

చంకలో చాటంత వల పళ్ళెం ఒకటి తెచ్చారు. ఇనప చువ్వ గుండ్రంగా వంచి, అడుగున సన్నటి వల కుట్టి, మూడు తాళ్ళు కట్టింది. దాన్ని చెక్ ట్రే అంటారట. రొయ్యలకి మేత చల్లినప్పుడు గుప్పెడు మేత ఈ ట్రేలో వేసి నీళ్ళలోకి దించుతారు. రెండు గంటలాగి పైకి లేపి చూస్తారు. ఖాళీ అయితే రొయ్య ఆరోగ్యంగా ఉన్నట్టు. మిగిలితే ఏదో తేడా చేసినట్టు.

"ఇది ఇక్కడెందుకండీ?" అన్నాను.

"ఇదే మన బ్లాక్‌బోర్డండీ" అని దాన్ని వరండా కొక్కేనికి వేలాడదీశారు. జేబులోంచి చీటీలు తీశారు. ఒక్కో చీటీ మీద ఒక్కో స్పానిష్ మాట, తెలుగు లిపిలో. అగ్వా, నీళ్ళు. బార్రో, బురద. రెడ్, వల. "ఇది ఎరుపు కాదమ్మాయ్, వల" అని హెచ్చరిక కూడా. పది చీటీలు ట్రేలో వేసి, ఆ మాటలు వచ్చేలా తన ఊసులేవో చెప్పుకుంటూ పోయారు. పుస్తకం తెరవలేదు. రెండు గంటలయ్యాక, ఏదో మాటల మధ్యలో, ట్రే లేపారు. మా పిల్ల తనంతట తాను సంభాషణలో వాడిన మాట చీటీ తీసేశారు. వాడనివి ట్రేలోనే ఉంచారు.

"ఇంకో పాతిక మాటలు వెయ్యొచ్చు కదా మాస్టారూ, పరీక్ష దగ్గరకొస్తోంది" అన్నాను.

"మేత ఎక్కువేస్తే రొయ్య ఎక్కువ తినదండీ టీచరుగారూ. అడుక్కి చేరి కుళ్ళుతుంది. ఆ కుళ్ళుకి రొయ్య చస్తుంది."

మా స్కూలు రోజుల్లో ఈ వాక్యం ఎవరైనా చెప్పి ఉంటే ఎంతమంది పిల్లలు బాగుపడేవారో అని అనిపించింది. పైకి మాత్రం అనలేదు. అంత త్వరగా ఒప్పుకునే మనిషిని కాను.

వెళ్ళబోయే ముందు ఒక షరతు పెట్టారు. "ఈ ట్రే మీ దగ్గరే ఉంచండి. పూర్తిగా ఖాళీ అయిన రోజున బందరు పంపించండి. అప్పుడు నా పని అయిపోయినట్టు."

ఆ మొదటి రోజే దిగమే కథ చెప్పారు. ఈక్వడార్‌లో ఆయన పనిలో చేరిన పొద్దుట, చెరువు గట్టు మీద చేతులు కట్టుకు నుంచున్నారట.

"అక్కడి పెద్దాయన నా వంక చూసి 'దిగమే' అన్నాడండీ. ఓహో, మన తెలుగు తెలిసినాయన అనుకున్నాను. దిగమన్నాడు, దిగాను. ప్యాంటుతో, బూట్లతో. నడుం లోతు. ఆయన కంగారుగా మళ్ళీ 'దిగమే, దిగమే' అన్నాడు. ఇంకా లోపలికెళ్ళాను. మెడ దాకా వచ్చినయ్యి. అప్పుడు గట్టు మీద వాళ్ళంతా పరిగెత్తుకొచ్చి లాగారు."

"దిగమే అంటే ఏంటి మాస్టారూ?" మా పిల్ల అప్పటికే పొట్ట పట్టుకుంది.

"'చెప్పండి' అనమ్మా. ఏం కావాలో చెప్పండి అని అడుగుతున్నాడు పాపం. నేనేమో చెప్పకుండా దిగిపోతున్నాను." నవ్వు ఆగాక ఒక మాట అన్నారు. "తెలియని భాషలో తెలిసిన మాట వినపడితే అక్కడే జాగ్రత్తపడాలమ్మాయ్."

ఆ రోజు నుంచి స్టేషన్లో రైలాగగానే మా పిల్ల ప్లాట్‌ఫారం మీంచి "దిగమే!" అని అరిచేది. ఆయన తలుపు దగ్గర నుంచుని, "చెప్పమంటావా, దిగమంటావా?" అని అడిగి గానీ దిగేవారు కాదు. వెనక దిగాల్సినవాళ్ళు తిట్టుకునేవారట.

మా ఇద్దరికీ పడేది కాదు. ఆయన "లా ప్రొబ్లేమా" అనేవారు. స్పానిష్‌లో సామాన్లకి కూడా ఆడా మగా ఉంటాయి, ప్రొబ్లేమా మగది, "ఎల్ ప్రొబ్లేమా" అనాలి. సరిదిద్దాను. "పదకొండేళ్ళు లా అనే అన్నానండీ. అయినా ప్రాబ్లం తీర్చి పెట్టారు" అన్నారు. ఉండటానికి ఆ భాషలో రెండు క్రియలున్నాయి, సేర్ అనీ ఎస్తార్ అనీ. ఎక్కడ ఏది వాడాలో చెప్పడానికి నా పుస్తకానికి పదకొండు పేజీలు పట్టింది. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. "సేర్ అంటే, అది రొయ్య. ఎస్తార్ అంటే, ఆ రొయ్య ఇవాళ నీరసంగా ఉంది." ఆ తరవాత మా పిల్ల ఆ రెండూ తారుమారు చెయ్యలేదు. నా పదకొండు పేజీలూ వృథా.

మా పిల్లకి ఒక జబ్బుండేది. స్పానిష్ వాక్యం చివర అండీ చేర్చేది. అవునుకి "సీ అండీ", థాంక్స్‌కి "గ్రాసియాస్ అండీ". పెద్దవాళ్ళతో అండీ లేకుండా మాట్లాడితే నాలిక్కి ఏదో తక్కువైనట్టుంటుంది అనేది. నేను కేకలేస్తే ఆయన అడ్డొచ్చేవారు. "నన్నక్కడ అందరూ సెన్యోర్ అండీ, అంటే అండీగారూ అనేవాళ్ళండీ. ఆండీస్ కొండలవైపు మనిషిననుకున్నారు." తరవాత దానికి మెల్లగా చెప్పారు. "వెన్ అంటే రా. వెంగా అంటే రండి. మర్యాద మాటలోనే కలిసిపోయి ఉందమ్మా, మన 'రండి'లో లాగే. మళ్ళీ పైనొకటి తగిలించక్కర్లేదు." ఆయనకి మాత్రం చివరిదాకా ఆ తగిలింపు పోలేదు.

పరీక్షకి నెలరోజులుందనగా నాకు భయం పట్టుకుంది. వ్యాసాలు రాయించట్లేదు, గడియారం పెట్టట్లేదు, చీటీలూ ఊసులూనూ. ట్రేలో చూస్తే సగం మాటలు అలాగే ఉన్నాయి. ఆ శుక్రవారం నోరు జారాను. "మాస్టారూ, పరీక్ష పెట్టేది చెరువు గట్టు మీద కాదు. మీకిది కాలక్షేపం, దానికి జీవితం."

ఆయన ప్యాంటు మడతలు సరిచేసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మంగళవారం రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా పిల్ల నాతో మాట్లాడటం మానేసింది, తెలుగులో కూడా.

శనివారం ఇద్దరం బందరు పాసింజరెక్కాం. ఇంటికెళ్తే ఆయన భార్య తలుపు తీస్తూ "దిగమే" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నేర్చుకున్న ఒక్క మాట అదే. ఎవరొచ్చినా ఫోనొచ్చినా అదే అంటుంది. "అలిగారా?" అని అడిగాను. "అలగడానికి తీరికేదీ? చెరువు దగ్గరున్నారు. రొయ్య మేత ముట్టట్లేదంట" అంది. నన్ను బట్టి కాదు, రొయ్యని బట్టి రాలేదని తెలిసి నాకు ఉపశమనమూ కలిగింది, కొంచెం చిన్నతనమూ కలిగింది.

ఆటోలో చెరువుకి వెళ్ళాం. మాస్టారు నడుం లోతు నీళ్ళలో ఉన్నారు. ఎవరో రైతు చెరువు. ఆ రైతు గట్టు మీద తల పట్టుక్కూర్చున్నాడు. మాస్టారు ట్రే పైకి లేపారు. మేత వేసింది వేసినట్టే ఉంది. మమ్మల్ని చూసి పలకరింపులేమీ లేవు. ఈక్వడార్‌లో తనతో పనిచేసిన స్నేహితుడికి ఫోన్ కలిపి గట్టు మీద పెట్టి ఉంది, దాన్ని మా పిల్లకి అందించమన్నారు రైతుని.

"నువ్వు మాట్లాడమ్మాయ్. నా చేతులు బురద. పైగా నీళ్ళు చిలికే ఈ ఏరియేటర్ చప్పుడులో నాకు వినపడట్లేదు."

"నాకు రాదు మాస్టారూ!"

"రొయ్య చస్తుందమ్మా. అడుగు."

ఫోన్లో అవతలివైపు నుంచి ఓ ముసలి గొంతు "దిగమే" అంది. మా పిల్ల ఒక్క క్షణం నీళ్ళవంక చూసింది. తరవాత మొదలెట్టింది. నీళ్ళ రంగు చెప్పింది, బురద వాసన చెప్పింది, ట్రేలో ఎంత మిగిలిందో చెప్పింది. ఆయనడిగింది మాస్టారికి తెలుగులో చెప్పింది, మాస్టారన్నది ఆయనకి స్పానిష్‌లో చెప్పింది. లింగాలు తప్పింది, కాలాలు తప్పింది, రెండుసార్లు అండీ కూడా అంది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను, అలవాటు కొద్దీ. కానీ అరగంటసేపు ఆగలేదు. మా వరండా ట్రేలో ముక్కిపోతున్న మాటలన్నీ ఆ గట్టు మీద ఒకటొకటే బయటికొచ్చాయి. ఆ రైతు దాని మొహంవంక దేవుణ్ణి చూసినట్టు చూశాడు. మేత రెండ్రోజులు ఆపి, అడుగు నీళ్ళు మార్చమని తేలింది. మార్చారు. రొయ్య తేరుకుందని తరవాత కబురొచ్చింది.

నేను చాలాసార్లు ఆలోచించాను. మాస్టారికి అంతకుముందు చెవుడు లేదు, ఆ తరవాతా లేదు. ఆ ఒక్క పూటే వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు స్టేషన్ దాకా వచ్చారు. క్షమించమని అడగడం నాకు చేతకాని పనుల్లో ఒకటి. రైలు కదిలేముందు కిటికీలోంచి, "అయితే మాస్టారూ, ఇక లా ప్రొబ్లేమా ఏమీ లేనట్టే కదా?" అన్నాను. ఆయన నావంక చూశారు. ఇంగ్లీషు టీచరు తెలిసి తెలిసి తప్పు మాట్లాడటం ఆయనకి అర్థమైంది. ప్లాట్‌ఫారం మీద ఒక్కరే నవ్వుకుంటూ నుంచున్నారు, రైలు మలుపు తిరిగేదాకా.

పరీక్ష హైదరాబాదులో. మాట్లాడే గదిలోకి వెళ్ళి కూర్చోగానే ఎదుటి పెద్దావిడ "దిగమే" అందట. మా పిల్ల ఉలిక్కిపడి కాళ్ళకింద నేలవంక చూసిందట, తరవాత ఆపుకోలేక నవ్విందట. ఎందుకు నవ్వావని ఆవిడ అడిగింది. అంతే, దిగమే కథ మొదలుపెట్టి మెడ లోతు నీళ్ళదాకా తీసుకెళ్ళిందట. అది విని మాస్టారు ఫోన్లో, "నా పరువు స్పెయిన్ దాకా తీశావమ్మాయ్" అని మురిసిపోయారు.

పరీక్షయ్యాక ఒక్కసారి వచ్చారు, ఊరికే. వాడని మాట లేదంటూ చీటీలన్నీ తీసేసి, ఫలితం వచ్చాకే ట్రే లేపమని చెప్పి, వెళ్ళేటప్పుడు అందులో ఒక కొత్త చీటీ వేసి వెళ్ళారు. అది మేం చూడలేదు. ఫలితం రావడానికి నెలలు పట్టింది. ప్రతి ఆదివారం ఆయన ఫోన్ చేసి ఒకే ప్రశ్న. "ట్రే లేచిందా?"

లేవలేదు మాస్టారూ అని చివరిసారి చెప్పింది నేనే. ఆ మర్నాడే ఆయన కాఫీ అడిగారు.

ఫలితం ఆయన పోయిన నాలుగో రోజున వచ్చింది. నాలుగూ ప్యాసైంది. కాలేజీ వాళ్ళు సీటు ఖాయమన్నారు. మా పిల్ల కాగితం చూడగానే వరండాలోకెళ్ళి ట్రే కిందికి దించింది. అందులో ఒక్క చీటీ ఉంది. ఆయన వంకర తెలుగు అక్షరాల్లో, "ఎల్ ప్రొబ్లేమా".

కొట్టివేతల్లేకుండా, సరిగ్గా. పదకొండేళ్ళు ఈక్వడార్ దిద్దలేని తప్పుని నా కోసం దిద్దుకున్నారు. ఆ చీటీ నేను తీసుకున్నాను. ఎవరికీ ఇవ్వను.

ఇక పని సంగతి. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలతో పాటు "ఏ సాయం కావాలన్నా చెప్పండి" అని కూడా పెట్టారు. చెబుతున్నాను. నా మోకాలు రైలు మెట్టెక్కనంటోంది. మా పిల్ల వాళ్ళమ్మతో వీసా పనిమీద చెన్నైలో ఉంది. మీలో పొద్దుటి పాసింజరులో బందరు వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరైనా ఒకరు వచ్చి మా వరండాలోంచి ట్రే తీసుకెళ్ళండి. తాళ్ళు చిక్కుపడకుండా చుట్టి ఉంచాను. దాని మీద సంచులు పెట్టకండి, వల సాగుతుంది. ఇంటి గుర్తులు రాసిన కాగితం తాడుకి కట్టాను, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే.

తలుపు ఆయన భార్య తీస్తారు. తీస్తూనే "దిగమే" అంటారు. కంగారుపడి మెట్లు దిగి వచ్చేయకండి. ట్రే ఆవిడ చేతికిచ్చి, ఖాళీ అయిందని చెప్పండి.